ఒక ఆయాసం అనగా

చేతికి కట్టిన, అలసట కొలిచే నాడిపట్టీ మీద సున్నా కనబడేదాకా సన్యాసిరావు బల్ల మీద కాళ్ళు చాపుకుని కదలకుండా కూర్చోవాలి. అది నిబంధన. ఆ సమయంలో మాట్లాడకూడదు, పేపరు చదవకూడదు, ఇంటి సంగతులు తలచుకోకూడదు. మొదటి రెండూ తేలికే. మూడోదే చిక్కు. ఇల్లు గుర్తొచ్చిందంటే చాలు, పట్టీ మీద అంకె కాస్త పైకి లేస్తుంది, కూర్చోవడం మళ్ళీ మొదలు.

ఇవాళ కూడా ఒకసారి లేచింది. పొద్దున్న ఇడ్లీ పెడుతూ భార్య నూకరత్నం అన్న మాట గుర్తొచ్చింది. ఆమె భీమిలి బీచి రోడ్డు పక్కనున్న రొయ్యల షెడ్డులో బెల్టు ముందు నిలబడి రొయ్యలు ఒలుస్తుంది. "ఈ ఆర్నెల్లుగా మోకాలు నొప్పి లేదయ్యా. గంటన్నరకే బెల్టు ఆగిపోతంది. ఎవుడు సేసాడో గాని ఆడి కడుపు సల్లగుండ" అంది. అలా చేసినవాడు తనేనని చెప్పడానికి వీల్లేదు. అతని ఉద్యోగం ప్రభుత్వ రహస్యం. మొగుడు శ్రమ ప్రమాణాల కచేరిలో డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తాడని ఆమె నమ్మకం. లేబుళ్ళు అంటించే మనిషి చొక్కా అంతలా ఎందుకు తడుస్తుందని చాలాసార్లు అడిగింది. కచేరిలో ఫ్యాను పాడైందని ఏడేళ్ళుగా ఒకే అబద్ధం చెబుతున్నాడు.

అంకె మళ్ళీ సున్నాకి దిగింది. మొత్తం ఆరు నిమిషాలు. చేరిన కొత్తలో దీనికే నలభై నిమిషాలు పట్టేది. మరొకరైతే భుజం తట్టేవారు. కొలతల అధికారిణి పైడితల్లి గారు మాత్రం ఆ ఆరు చూసి నుదురు కొట్టుకున్నారు.

ఆవిడ బాధలో న్యాయముంది. పనిచేసే మనిషికి ఒక ఆయాసం నిండగానే ముందున్న యంత్రం దానంతటదే ఆగాలి, నడుముకి కట్టిన విచ్చుపీట తెరుచుకోవాలి, పట్టీ సున్నాకి దిగేదాకా ఆ మనిషికి ఎవరూ పని చెప్పకూడదు. ఇది చట్టం. మరి ఒక ఆయాసం అనగా ఎంత? బీచి రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పరిగెత్తి గీత దాటిన క్షణంలో సన్యాసిరావు ఒంట్లో ఉన్నంత. ఆరు నెలలకోసారి అతను పరిగెత్తుతాడు, మరుక్షణం ఊళ్ళో ప్రతి పట్టీ ఆ కొత్త కొలతకి మారిపోతుంది. ఈ పనికి యంత్రాన్ని పెట్టొచ్చు కదా అని అప్పట్లో కొందరన్నారు. అలసిపోవడం తెలియనిదాన్ని అలసటకి కొలతగా ఎలా పెడతారని న్యాయస్థానం అడిగింది.

అందుకని జిల్లా అంతా గాలించి అతన్ని పట్టుకున్నారు. ఎత్తులో సగటు, బరువులో సగటు, పదో తరగతి మార్కుల్లో సగటు, చివరికి గురక కూడా సగటే. ప్రమాణ పురుషుడు అని పేరు పెట్టి, నియామక పత్రంలో ఒకటే షరతు రాశారు: ఎప్పటికీ ఇలాగే ఉండవలెను. సన్యాసిరావు సంతోషంగా సంతకం పెట్టాడు. ఎప్పటికీ ఇలాగే ఉండటం అప్పటిదాకా అతను శ్రమ పడకుండా చేస్తున్న పనే.

చెడింది ఎక్కడంటే, అతనికి పరుగు నచ్చింది. మూడో ఏడు ఒక పరుగులో, ఎప్పుడూ ఊపిరి అందని లైటుహౌసు మలుపు దగ్గర ఊపిరి అందింది. ఏమిటీ వింత అనుకుంటూ ఇంకొంచెం ముందుకెళ్ళాడు, అక్కడా అందింది. నలభై ఏళ్ళ జీవితంలో ఒక పని నిన్నటికంటే ఇవాళ బాగా చెయ్యగలగడం అదే మొదటిసారి. ఆ రుచి మరిగినవాడు ఊరుకుంటాడా? సాధన చెయ్యడం నిషేధం కాబట్టి, మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే వేళ పాత తూకపు రాళ్ళు దాచిన గదిలోకి వెళ్ళి బీరువాల చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాడు. రోజుకి నలభై చుట్లు, ఆపైన అరవై.

సాధన పెరిగింది, అలసట తగ్గింది, దాంతో ఊరి కొలత చిక్కిపోయింది. ఒకప్పుడు మూడు గంటలకి నిండే ఆయాసం పోయిన పరుగు తరవాత గంటన్నరకే నిండుతోంది. డ్రైవరు పట్టీ నిండి బస్సు నాలుగు రోడ్ల కూడలిలో ఆగింది. సగం గడ్డం గీసిన మంగలి పీట మీద కూర్చుంటే, మిగతా సగంతో ఒక పెద్దమనిషి కూతురి నిశ్చితార్థానికి వెళ్ళాడు. ఊళ్ళో సగం మంది కూర్చున్నారని, మిగతా సగం కూర్చోబోతున్నారని పైనుంచి పైడితల్లి గారికి రోజూ చీవాట్లు.

"రాళ్ళ గదిలో దుమ్ము మధ్యన గుండ్రంగా దారి పడింది. ఎలకలు అంత క్రమశిక్షణగా తిరగవు సన్యాసిరావూ" అన్నారావిడ.

అతను తల దించుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు. ఆవిడ మాత్రం ఒక కాగితం తీసి చేతికిచ్చారు. ఇన్నేళ్ళూ అతను ముందుబండి వెనకే, పదడుగుల లోపు, గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాలి. ఈమధ్య ఆ బండి వెనక పరుగు పెళ్ళి ఊరేగింపులో నడకలాగే ఉంటోంది. నిబంధనకి ఇవాళ సవరణ వచ్చింది. ముందుబండి అవసరం లేదు. ప్రమాణ పురుషుడు తనకు తోచిన విధముగా అయిదు కిలోమీటర్లు పూర్తిచేయవచ్చును.

"నీ సత్తా ఎంతో నీకూ చూసుకోవాలనుంటుంది కదా. చూసుకో. గీత దగ్గర గడియారం కూడా పెట్టించాను" అన్నారు.

గడియారం అనగానే సన్యాసిరావు తలెత్తాడు. ముప్పై నిమిషాల లోపు అయిదు కిలోమీటర్లు. రాళ్ళ గదిలో బీరువాల చుట్టూ తిరుగుతూ ఏడాదిగా అతను కంటున్న కల అదొక్కటే. తనకి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పేవాళ్ళు లేక, బీరువాల మీద సుద్దతో గీతలు పెట్టుకుంటూ లెక్క తప్పుతూ బతికాడు. ఇవాళ సాక్షాత్తూ ప్రభుత్వమే గడియారం పట్టుకుని నిలబడుతోంది. ఆవిడకి దండం పెట్టబోయి, పట్టీ అంకె లేస్తుందని ఆగాడు.

ఈల మోగింది. రోడ్డు ఖాళీగా ఉంది, సముద్రం వైపునుంచి గాలి తగులుతోంది. సన్యాసిరావు పరిగెత్తాడు.

అలసట గురించి అతనికి తెలిసినంత ఆ కచేరిలో ఎవరికీ తెలియదు. మొదటి కిలోమీటరులో వచ్చేది అలసట కాదు, బద్ధకం. అది అలసట వేషం కట్టుకుని వస్తుంది, పట్టించుకోకపోతే చాలు. రెండోదాంట్లో మోకాళ్ళు ఫిర్యాదు చేస్తాయి, అందులో సగం అబద్ధం. అసలుది మూడోదాంట్లో వస్తుంది. చెప్పకుండా భోజనం వేళకి దిగిన చుట్టంలాంటిది. మొదట్లో అతను దాన్ని పొమ్మనేవాడు, బతిమాలేవాడు, ఒకటి రెండుసార్లు ఏడ్చాడు కూడా. పోలేదు. ఇప్పుడు పొమ్మనడం మానేశాడు. రండి, కూర్చోండి అని ఒక పక్కన కూర్చోబెట్టి తన పని తను చూసుకుంటాడు. కాసేపటికి అదే విసుగెత్తి లేస్తుంది. ఈ సంగతి తెలియడానికి అయిదేళ్ళు పట్టింది.

లైటుహౌసు మలుపు దాటాడు. ఊపిరి లయలో ఉంది. ఇవాళ చుట్టం గట్టిదే, అయినా కూర్చుంది. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర పట్టీ చూసుకున్నాడు. రెండున్నర. గీత దాటేసరికి మూడు ఆయాసాలు నిండుతాయి.

మూడు అనుకోగానే, ఏడేళ్ళు కొలతల మధ్య బతికిన బుర్ర కదా, అడక్కుండానే లెక్క కట్టేసింది. ఇప్పటి మూడు రేపటికి ఒకటి. ఇప్పుడు గంటన్నరకి ఆగుతున్న బెల్టు రేపటినుంచి నాలుగున్నర గంటలకి గాని ఆగదు. పైడితల్లి గారు గడియారం ఎందుకు పెట్టించారో, ఆ సవరణలో అంత ఉదారత ఎందుకుందో అప్పుడు తెలిసింది. అతని మీద అతనికే కోపం వచ్చింది. అయినా కాళ్ళు ఆగలేదు. కాళ్ళకి ముప్పై నిమిషాలు తప్ప ఇంకేమీ పట్టలేదు.

చివరి మలుపు తిరిగాడు. ఎదురుగా గీత, గీత పక్కన గడియారం, నూట యాభై మీటర్ల దూరం. అంకెలు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇరవై ఏడు నిమిషాల నలభై సెకన్లు. నడిచి వెళ్ళినా ముప్పై లోపే.

కుడివైపు రొయ్యల షెడ్డు. కిటికీలోంచి నూకరత్నం కనబడింది. ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది, కాసేపటికి రెండో కాలి మీదికి మార్చుకుంది. మోకాలు నొప్పిగా ఉన్న రోజుల్లో ఇంట్లో పొయ్యి దగ్గర అలాగే నిలబడేది. ఇప్పుడది అలవాటుగా మిగిలిపోయింది.

సన్యాసిరావు ఆగిపోయాడు. వెళ్ళి షెడ్డుకి ఎదురుగా సముద్రపు గోడ మీద కూర్చున్నాడు.

గీత దగ్గర పైడితల్లి గారు ఈల ఊదారు, చేతులు ఊపారు, చివరికి పరుగులాంటి నడకతో వచ్చారు. నిబంధన ప్రకారం పరుగు ముగిసేదాకా ప్రమాణ పురుషుణ్ణి ఎవరూ తాకకూడదు, ముందుకు తొయ్యకూడదు. కాబట్టి ఎదురుగా ఎండలో నిలబడి, ఇదేమిటని అడిగారు.

"తోచినట్టు పరిగెత్తమన్నారు కదమ్మా. నాకు కూకోవాలని తోచింది" అన్నాడతను.

ఆవిడ కాగితం తీసి మళ్ళీ చదువుకున్నారు. రాసింది ఆవిడే. కింద సంతకం కూడా ఆవిడదే.

గడియారం ఇరవై తొమ్మిది దాటింది. అతను చూడకూడదనుకున్నాడు, చూశాడు. ముప్పై అయింది, ముప్పై ఒకటి అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమట అనుకునేలా తుడుచుకున్నాడు. పట్టీ మీద అంకె రెండున్నర, రెండు, ఒకటిన్నర అంటూ దిగుతోంది. ఇన్నేళ్ళ సాధనలో అతను నిజంగా నేర్చుకున్నది వేగం కాదు, తేరుకోవడం. అంకె ఒకటి చూపించగానే లేచాడు. ఇప్పుడు వెళ్తే ఊళ్ళో ఏమీ మారదు, గంటన్నర గంటన్నరగానే ఉంటుంది, అంతవరకు చాలు. లేచి కిటికీలోకి చూశాడు. నూకరత్నం మళ్ళీ కాలు మార్చుకుంది.

మళ్ళీ కూర్చున్నాడు. అర దాకా దిగనిచ్చి, అప్పుడు మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి గీత దాటాడు. గడియారం గంటా పన్నెండు నిమిషాలు చూపించింది.

మరుక్షణం ఒక ఆయాసం సగానికి చిక్కి, ఊరు కూర్చుంది. షెడ్డులో బెల్టు ఆగింది. రోడ్డు మీద బస్సు ఒకటి పక్కకి తీసి ఆగింది, డ్రైవరు దిగి చెట్టు నీడ చూసుకున్నాడు. దూరంగా ఎక్కడెక్కడో విచ్చుపీటలు టపటపా తెరుచుకున్న చప్పుడు వినబడింది. ముప్పావు గంటనుంచి ఎండలో నిలబడి ఉన్న పైడితల్లి గారి పీట కూడా తెరుచుకుని మోకాళ్ళ వెనక తగిలింది. ఆవిడ దబ్బున కూర్చున్నారు. డ్యూటీలో ఆవిడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. సముద్రం వైపు చూశారు. చెప్పులు విడిచారు.

"ఎంత కొంప ముంచినావయ్యా" అన్నారు చివరికి, యాస దాచుకోకుండా. "ఆగకపోతే ఇరవై ఎనిమిదిన్నరకి వచ్చీసుందువు. నాను సూసినాను."

సన్యాసిరావుకి అది చాలు. చాలా ఎక్కువ కూడా.

ఇంతలో షెడ్డులోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. నూకరత్నం చేతి తొడుగులు విప్పుకుంటూ రోడ్డు దాటి వచ్చి, మొగుణ్ణి పైనుంచి కిందికి చూసి, నిక్కరు దగ్గర ఆగింది.

"లేబుళ్ళు అంటించడానికి నిక్కరెందుకయ్యా?"

రహస్యం కదా అన్నట్టు అతను పైడితల్లి గారి వైపు చూశాడు. ఆవిడ పట్టీ ఇంకా సున్నాకి దిగలేదు. ఇంకా పని చెప్పకూడని సమయం. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు.

"పరిగెడతన్నాను రత్నం."

"కూకున్నావు. నాను కిటికీలోంచి ఇందాకట్నుంచీ సూత్తన్నాను."

"కూకోడం కూడా అందులో బాగమే."

నూకరత్నం అతని పట్టీ చూసింది, ఆగిపోయిన బస్సు చూసింది, పీట మీద చెప్పులు విడిచి కూర్చున్న ఆఫీసరమ్మని చూసింది. ఒంగి తన మోకాలు ఒకసారి తడుముకుంది.

"అయితే ఆర్నెల్లుగా నాను రోజూ కడుపు సల్లగుండ అంటన్నది నిన్నేనా?"

సున్నాకి దిగిన సన్యాసిరావు పట్టీ మీద అంకె మళ్ళీ కాస్త పైకి లేచింది.