జల్లెడ తీసిన తొమ్మిది నిమిషాలు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... మనిషి నీడ కూడా భయపడి కాళ్ళ కింద దాక్కునే వేళ! అర్ధరాత్రికి ఎంత బలం ఉందో ఈ వేళకీ అంతే బలం ఉందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజు ఆకాశం మీద ఎవరో తారు ఒలకబోసినట్టు కారుమేఘాలు కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఒక్క పిడుగు పడింది. ఆ వెంటనే నాలుగో అంతస్తు కిటికీ బయట, ఏసీ డబ్బా మీద, పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి వాలింది!

లోపల జల్లెడ గదిలో అప్పుడున్నది ఇద్దరే.

అది వీడియోలు చూపించే ఓ పెద్ద సైటు ఆఫీసు. జనం పంపే వీడియోల్లో నెత్తురూ చావూ ఘోరాలూ బయటికి పోకుండా ఆపే ఫిల్టర్ నడిచేది ఆ గదిలోంచే. అక్కడివాళ్ళు దాన్ని జల్లెడ అంటారు. జల్లెడకి అనుమానం వచ్చిన వీడియోని మనుషులు చూసి తేల్చాలి. రంగు తీసేసి, శబ్దం ఆపేసి, అగ్గిపెట్టెంత చేసి చూస్తారు. అలా చూసినా ఒక్కోరోజు ముద్ద దిగదు.

చిన్నమ్మాయి ఆ పనిలో చేరి నాలుగేళ్ళు. ఆమెకి ఆ పేరు పెట్టింది ఎదురుగా కూర్చున్న షిఫ్టు పెద్ద, బాబాయ్. సొంత బాబాయ్ కాదు. నాన్న పోయి, చుట్టాలందరూ మొహం చాటేసిన రోజున, నాన్న స్నేహితుణ్ణంటూ వచ్చి గుమ్మంలో నిలబడిన మనిషి. ఆమెని ఈ ఉద్యోగంలో పెట్టింది ఆయనే. అక్క కాలు విరిగితే పది రోజులు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నదీ ఆయనే. లోకంలో అక్కాచెల్లెళ్ళకి ఒకరికొకరూ, ఇద్దరికీ కలిపి ఈ బాబాయ్. అంతే.

"అమ్మాయ్, ఓసారి వేలు ఇలా పెట్టు," అన్నాడు బాబాయ్.

"దేనికి బాబాయ్?"

"జల్లెడ తొమ్మిది నిమిషాలు తీసి చూడమన్నారు పైవాళ్ళు. పరీక్ష. అందరూ కింద మీటింగులో ఉన్నారుగా, ఈలోపు కానిచ్చేద్దాం."

"తీసేస్తే ఈ చెత్తంతా జనం నెత్తిన పడదూ?"

"పరీక్షేనే పిచ్చిదానా. బయటికి ఏదీ పోదు. నా మీద నమ్మకం లేదా?"

"లేకపోతే నువ్వు పెట్టే టీ నాలుగేళ్ళుగా తాగుతున్నానా? అదేం టీయో, వేడినీళ్ళకి జబ్బు చేసినట్టుంటుంది."

బాబాయ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

జల్లెడ తీయాలంటే వేలిముద్ర యంత్రం మీద ఇద్దరి బొటనవేళ్ళు పడాలి. ఒకరికి బుద్ధి గడ్డి తిన్నా రెండోవాళ్ళు ఆపుతారని ఆ ఏర్పాటు. వేలు పెట్టేముందు రెండోవాళ్ళు తెర మీద రాసిన కారణం చదవాలి. ఆమె చదవలేదు. బాబాయ్ రాసింది మళ్ళీ చదవడమేమిటి? వేలు పెట్టేసింది.

గోడ మీది ఎర్ర దీపం ఆరిపోయింది. తెర మీద తొమ్మిది నిమిషాలు తరగడం మొదలైంది...

ఆ మరుక్షణమే ఆమె తెర నిండా ఒక వీడియో విచ్చుకుంది. అది ఆమెకి తెలిసిందే. నల్లగుడ్డ మీద పుర్రె, దాని నుదుటన అడ్డంగా చీలిక, చుట్టూ తొమ్మిది దీపాలు. నెలకోసారి కొత్త పేరుతో వచ్చేది, జల్లెడ పట్టేసేది. కిందటిసారి తనే చెత్తలో పడేసింది. ఇప్పుడు నిండు రంగుల్లో, గుండెల్ని గీరే మంత్రఘోషతో... కింద చూస్తున్నవాళ్ళ లెక్క. ఒకరు.

"బాబాయ్, ఇది బయటికి పోయింది. ఎవరో చూస్తున్నారు కూడా. ఆపెయ్."

"చూడనీ," అన్నాడు బాబాయ్ మెల్లగా. "మొదటి చూపు మీ అక్కదే."

ఆయన పరాచికాలాడుతున్నాడనుకుంది. కానీ ఆయన కింది సొరుగు లాగాడు. అందులో, ఆఫీసు కాగితాల మీద... నుదుటన చీలికతో అదే పుర్రె!

ఆమె అక్కకి వీడియో కాల్ చేసింది. అక్క ఎత్తింది. ఎదురుగా టేబుల్ మీద ల్యాప్‌టాప్ వెలుగు మొహాన పడుతోంది.

"ఉండవే, చూస్తున్నా," అంది అక్క, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

"ఆపక్కా. అది చూడకు."

"అదేంటి? నువ్వు చేసిన వీడియో అని బాబాయ్ పొద్దున్నే చెప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో నువ్వు పెట్టిన ఫిల్టర్ ఉంటే రాదుట, తీసేయమన్నాడు, తీసేశా. మధ్యలో ఆపొద్దన్నాడు. మా చెల్లి చేసింది నేను చూడకపోతే ఎవరు..."

మాట అక్కడే తెగిపోయింది. అక్క తల వెనక్కి వాలింది. కనుగుడ్లు పైకి తేలి, తెల్లటి గుడ్లు మాత్రం మిగిలాయి. ముడి విడిపోయిన జుట్టు గాలి లేని గదిలో పాముల్లా లేచి ఆడింది. గొంతులోంచి వచ్చిన కేక మనిషిది కాదు!

"ఏం చేశావు బాబాయ్?"

ఆయన చొక్కా గుండీలు విప్పాడు. ఛాతీ నిండా చితాభస్మం!

"జల్లెడ తీసిన వేలు ఎవరిదో, వాళ్ళ తోడబుట్టినదాని చూపుతో ద్వారం తెరుచుకోవాలి. ఆ తర్వాత చూసే ప్రతివాడి ఆయుష్షూ నాకే. ఆగవే, లక్షమంది చూస్తారు. ఇలాంటివాటికి జనం చీమల్లా వస్తారు."

"నువ్వు మా నాన్న స్నేహితుడివి."

"మీ నాన్న మొహం కూడా నేను చూడలేదు. పేపర్లో చావు కబురు చదివాను. ఇద్దరాడపిల్లలు మిగిలారని ఉంది. సరిపోతారనిపించింది."

పిడుగు పడి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు. ఆసుపత్రి బెంచీ, ఆ పది రాత్రులు... బలిపశువుకి మేత వేసినట్టు వేశాడా?

ఆలోచనకి వ్యవధి లేదు. జల్లెడ తీయడానికి ఇద్దరు కావాలి గాని మళ్ళీ వేయడానికి ఒక్క వేలు చాలు. ఆమె దూకింది. ఆయన గుప్పెడు బూడిద విసిరాడు. కళ్ళూ నాలుకా తప్ప ఆమె ఒళ్ళంతా అక్కడికక్కడే కొయ్యబారిపోయింది. వేలికీ యంత్రానికీ మధ్య జానెడు దూరం!

మూడువందలమంది... నాలుగువేలు... పాతికవేలు... లెక్క పరుగెడుతోంది. ఒక్కో వెయ్యి పెరిగే కొద్దీ ఆయన మొహం మీద ఒక్కో ముడత మాయమవుతోంది. ఫోనులో అక్క బుగ్గలు లోపలికి పీక్కుపోతున్నాయి. ఆ లక్ష నిండితే అక్క ఉండదు... సొరుగులో పుర్రె కళ్ళగుంతల్లో నీలిమంట భగ్గుమంది. గది అద్దాలు భళ్ళున పగిలాయి. అప్పుడు అక్క నోటితోనే, అక్కది కాని గొంతు పలికింది.

"ద్వారం తెరిచింది ఎవరు?"

"ఈ పిల్ల, మహాశక్తీ," అన్నాడు మాంత్రికుడు మోకరిల్లి. "ఇష్టపడి, తన వేలితో."

"అది చెప్పాలి."

అతను ఆమె చెవి దగ్గరికి వచ్చాడు. గొంతు మళ్ళీ పాత బాబాయ్‌దే, జ్వరం వచ్చినప్పుడు మాత్ర మింగించే గొంతు. "అవునని ఒక్క మాట అనమ్మా. మీ అక్కని వదిలేస్తుంది. నీ మంచికే చెబుతున్నా. ఏనాడైనా నీ చెడు కోరానా?"

నాలుగేళ్ళ అలవాటు ఎంత పాడుదంటే, ఆ క్షణంలో కూడా ఆమె నాలుక అవును అనడానికే కదిలింది! కానీ కళ్ళు తెర మీద ఉన్నాయి. ఇందాక చదవకుండా వదిలేసిన కారణం అక్కడే ఉంది. ఈసారి చదివింది. పైకే చదివింది.

"పరిశీలకురాలు స్వయంగా కోరినందున ఫిల్టర్ తొలగించడమైనది... నేను కోరలేదు. నన్నెవరూ అడగలేదు. పరీక్ష అని చెప్పాడు. బాబాయ్ కదా అని వేలు పెట్టాను."

బయట ఉరుము ఆగింది.

"ఇచ్చింది తింటాను," అంది ఆ గొంతు. "కాజేసి తెచ్చింది ముట్టను. తెచ్చినవాణ్ణి ముట్టుకుంటాను!"

పుర్రెలోంచి లేచిన నల్లటి పొగ తాడులా పేనుకుని మాంత్రికుడి మెడకి చుట్టుకుని, అతన్ని తన కుర్చీలోకే ఈడ్చి పడేసింది. అతను తాగిన ఆయుష్షంతా నోట్లోంచి వెలుగు తీగలై వెనక్కి పారింది. చర్మం ఎండుటాకులా ముడుచుకుంది, పళ్ళు నేల మీద గలగలా రాలాయి. ఆమె ఒంటిలోకి మళ్ళీ కదలిక వచ్చింది.

"అమ్మాయ్... చెయ్యి ఇవ్వమ్మా... నీ బాబాయ్‌ని..."

ఆమె చెయ్యి లేచింది. అటే లేచింది, అతని వైపే... మధ్యలో గాలిలో ఆగింది. తర్వాత పక్కకి తిరిగి యంత్రం మీద వేలు నొక్కింది.

ఎర్ర దీపం వెలిగింది. వీడియో ఆరిపోయింది. ఆ దీపపు వెలుగులో ఒక్కసారి భూమి బద్దలైనట్టు శబ్దం, ఒక వికృత ఆర్తనాదం... అంతే! కుర్చీలో పిడికెడు మసి మిగిలింది. గుడ్లగూబ రెక్కలు టపటపలాడిస్తూ వానలోకి ఎగిరిపోయింది.

ఫోనులో అక్క దగ్గింది. కళ్ళు నులుముకుంది.

"అయ్యో, కూర్చునే నిద్రపోయానే. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. నీ వీడియో చివరిదాకా చూడలేదు, ఏమనుకోకు."

"పర్లేదక్కా."

"బాబాయ్ పక్కనే ఉన్నాడా? అంతసేపు చూడమని బతిమాలాడు, పాపం. నిద్రపోయానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. ఓసారి ఇవ్వవే, మాట్లాడతా."

చిన్నమ్మాయి ఎదుటి కుర్చీ వంక చూసింది.

"లేడక్కా."

"ఎక్కడికెళ్ళాడు? ఎప్పుడొస్తాడు?"

"వెళ్ళడం కాదక్కా," అంది ఆమె. "మనకి బాబాయ్ అసలు లేడు."