ఇంకా రాయలేదు

"ఈ ఎలుగుబంటిని రాసిందెవరు?"

మూడో నంబర్ సిస్టమ్ ముందు కూర్చున్న అమ్మాయి కుర్చీని వెనక్కి నెట్టి మరీ లేచింది. నెట్ సెంటర్లో ఉన్నవాళ్లందరూ మెడలు తిప్పి చూశారు. కౌంటర్లో ప్రింటర్‌తో కుస్తీ పడుతున్న జైరాం మాత్రం తల ఇంకాస్త కిందికి దించాడు.

"ఓ సారూ, మిమ్మల్నే. ఈ ఆట ఎవరిది?"

"ఎందుకు మేడం, ఏమైంది?"

"ఏమైందా? ఇప్పటికి మూడుసార్లు సచ్చిన. చెట్టెక్కితే ఎలుగుబంటి గూడ ఎక్కుతది. ఉరికితే నాకంటే జల్దీ ఉరుకుతది. ఇగ లాభం లేదని కదలకుండ పండుకుంటే..."

"పండుకుంటే?"

"'ఇంకా రాయలేదు' అని వస్తంది! బతికేటి దారి ఒక్కటే ఉంటే, దాన్నే రాయకుండ ఆపుతరా ఎవరన్న?"

జైరాం చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎలుగుబంటి అతనిదే.

అది రెండు వేల ఏడో సంవత్సరం, ఎండలు మండిపోతున్న రోజులు. పాల్వంచ బజారు. రాష్ట్రమంతటికీ కరెంటు పంపే ఊళ్లో రోజూ కరెంటు పోవడం, దీపం కింద చీకటి అన్నట్టు, అక్కడివాళ్లకు అలవాటే. కరెంటు ఉన్నప్పుడు నెట్ నత్తనడక. పేజీ తెరుచుకునేలోపు కస్టమర్లు విసుగెత్తి లేచిపోకుండా ఉండాలని జైరాం 'అడవి దారి' అని ఒక ఆట తయారుచేశాడు. కల్లూరు దగ్గరి తండా నుంచి వచ్చి, కంప్యూటర్ డిగ్రీ చేసి, ఈ సెంటర్ నడుపుతున్నవాడికి అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

అందులో బొమ్మలు లేవు, చప్పుళ్లు లేవు. అన్నీ మాటలే. 'నువ్వు ఆఖరి బస్సు దిగావు. మీ తండా అడవి అవతల ఉంది. పొద్దు గూకుతోంది. అడ్డదారిన పోతావా? రోడ్డు పట్టుకుని పోతావా?' అని వస్తుంది. ఏదో ఒకటి నొక్కితే ఇంకో పేజీ, అక్కడ ఇంకో రెండు దారులు. వెనక్కి వెళ్లే బటన్ మాత్రం కనపడకుండా తీసేశాడు. ఇక ముగింపు అంటారా, ఏ దారైనా చివరికి 'ఇంకా రాయలేదు' దగ్గరికే చేరుతుంది. మొదలుపెట్టడంలో పులి, ముగించడంలో పిల్లి. అది జైరాం స్వభావం.

"వెనక్కి లేదేంది?" అంది ఆ అమ్మాయి.

"అడవిల అంత దూరం పోయినంక వెనక్కి ఏడుంటది మేడం?"

"ముందు ఏమున్నదో చూసుకొని పోవాలె గద?"

"చూసుకొని పోతే అది ఆటెట్లయితది?"

"నేనైతే గట్లనే పోత. సినిమాకు గూడ, ఆఖర్ల ఏమైతదో ఎవరన్న చెప్తేనే పోత." బ్యాగు భుజాన వేసుకుంది. "నా పేరు సోని. మళ్ల వారం వస్త. అప్పటికి ఆ పండుకున్నోన్ని లేపుర్రి, రైటర్‌గారూ!"

లేపాడు. లేపక తప్పుతుందా? వాసన చూసి ఎలుగుబంటి వెళ్లిపోయినట్టు, పడుకున్నవాడు దుమ్ము దులుపుకుని నడిచినట్టు రాశాడు. ఆమె మళ్లీ వచ్చింది. ఆ తర్వాత వస్తూనే ఉంది. ఊళ్లోని కరెంటు ప్లాంటులో పనిచేసే సోమ్లా కూతురు. బి.ఎడ్. అయి, డీఎస్సీలో సెలెక్టయి, పోస్టింగ్ కోసం ఎదురుచూస్తోంది. పోస్టింగ్ సంగతి చూడటానికే వస్తున్నానని అనేది. కానీ ముందు తెరిచేది మాత్రం ఎలుగుబంటినే.

ఎప్పుడూ చెడ్డ దారినే మొదట నొక్కేది.

"కావాల్నని బురదల దిగుతవేంది?" అన్నాడొకసారి జైరాం. అప్పటికి మీరు పోయి నువ్వు వచ్చింది.

"చెడ్డది ముందు చూసేస్తే, ఇగ మంచిదాని కాడ భయముండదు" అంది.

బజారంతా అతన్ని అన్నా అని పిలుస్తుంది. సోని ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆ సంగతి జైరాం గమనించాడు. గమనించి ఊరుకున్నాడు. నోరు తెరిస్తే ఆమె ఏమంటుందో తెలియదు, తెలియని పేజీ తెరవాలంటే అతనికి వణుకు. అందుకే ఆటలో కొత్త పేజీలు రాస్తూ కాలం గడిపాడు.

జూన్ మొదట్లో ఓ శుక్రవారం ఆమె ఆట తెరవలేదు. కుర్చీలో కూర్చుని స్క్రీన్ కేసి చూస్తూ ఉండిపోయింది.

"పోస్టింగ్ వచ్చింది. భద్రాచలం అవతల, అడవి లోపలి ఊరు. సోమవారం పోయి చేరాలె."

"మంచిదే గద!"

"మా నాయిన ఒకటి అడిగిండు. శ్రావణమా, మాఘమా అని."

"ఏం శ్రావణం?"

"పెండ్లి. మా అత్త కొడుకు దేవ్‌సింగ్. ఇల్లందుల బొగ్గు బాయి పని, మంచోడే. ఏ నెలల చేద్దమో చెప్పినంకనే బస్సెక్కు అన్నడు. ఆదివారం లోపల చెప్పాలె." సోని నవ్వబోయింది, రాలేదు. "రెండు నెలలు చూపెట్టి ఏదన్న ఒకటి తీసుకో అంటుండు. చేసుకుంటవా అని మాత్రం అడగలే."

జైరాం అనాలనుకున్నవి రెండున్నాయి. 'చేసుకోకు' అనాలి. 'నన్ను చేసుకో' అనాలి. ఏదీ అనకుండా, "రేపు రా. కొత్త పేజీ పెడత" అన్నాడు. పిరికివాడికి కీబోర్డే దిక్కు.

శనివారం వచ్చింది. ఆ రోజు ఆటలో కొత్త మలుపు. అడవి దాటాక ఒక గుడిసె, దాని ముందు దీపం, అక్కడ ఒకడు నిలబడి అడుగుతున్నాడు. 'ఇన్నాళ్లూ నీకోసమే ఈ దారులన్నీ వేశాను. నువ్వంటే నాకు ప్రాణం. నాతో వస్తావా?' కింద రెండు బటన్లు. అవును. కాదు.

సోని చెయ్యి ఆగిపోయింది. మెడ మీద చెమట. కౌంటర్ వైపు తిరగలేదు. ఆమె అలవాటు ఆమెది, 'కాదు' నొక్కింది.

'నువ్వు అవునన్నావు! ఇద్దరూ చేతులు పట్టుకుని తండాలోకి నడిచారు' అని వచ్చింది.

ఆమె మళ్లీ మొదటి నుంచి వచ్చి ఈసారి 'అవును' నొక్కింది. అదే పేజీ. లేచి నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది. కళ్లల్లో నీళ్లున్నాయి, కానీ అవి జాలిగొలిపేవి కావు.

"ఏది నొక్కినా ఒక్కటే పేజీ పెట్టినవు."

"సోనీ, అది..."

"మా నాయిన నయం. ఆయన అసలు అడగనే లేదు. నువ్వు అడిగినట్టు చేసినవు. కాదు అని బటన్ పెట్టి, నొక్కితే అవునన్నవని రాసినవు!"

"కాదంటే ఏం రాయాల్నో తెల్వలే. చేతులాడలే."

"నీకు చేతులాడకపోతే నేను కాదనొద్దా?" కౌంటర్ మీద అరచేత్తో కొట్టింది. "నన్ను అడుగుడైతే అడుగు జైరాం. కాదనేటందుకు జాగ ఉంచి అడుగు."

ఎండలోకి వెళ్లిపోయింది. గొడుగు కూడా మరిచిపోయింది.

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఇన్నాళ్లూ తనది ప్రేమ అనుకున్నాడు. అందులో సగం భయమేనని ఇప్పుడు తెలిసింది.

ఆదివారం షట్టర్ సగం దించి కూర్చున్నాడు. రాయాల్సింది ఒక్క పేజీ. 'కాదు' అన్న తర్వాతి పేజీ. మొదట రాసినదాంట్లో ఆ గుడిసె ముందువాడు గడ్డం పెంచి, తిండి మానేసి, కుమిలి కుమిలి పోయాడు. చదువుకుంటే సిగ్గేసింది. ఇది పేజీ కాదు, బెదిరింపు. కొట్టేశాడు. రెండోసారి రాస్తే ఆమె అడవిలో ఒంటరిగా జ్వరంతో పడుకుంది. ఇది శాపం. అదీ కొట్టేశాడు. తను లేని చోట ఆమె హాయిగా ఉండటం రాయాలి. తెల్ల స్క్రీన్ ముందు కూర్చుని జైరాం నిజంగా ఏడ్చాడు. ఏడుస్తూనే రాశాడు.

తర్వాత 'అవును' పేజీ తెరిచి చూశాడు. చేతులు పట్టుకోవడం, తండాలోకి నడవడం. దాన్నీ చెరిపేశాడు.

సోమవారం పొద్దున సోని వచ్చింది. ఒంటరిగా కాదు. వెనకే ఇనప పెట్టె మోసుకుంటూ సోమ్లా.

"సర్టిఫికెట్లు జిరాక్స్ కావాలె" అంది, ముక్తసరిగా.

"మూడో నంబర్ ఖాళీగ ఉన్నది" అన్నాడు జైరాం. "పేజీ మార్చిన."

ఆమె ఒక్క క్షణం చూసి, వెళ్లి కూర్చుంది. సోమ్లా కౌంటర్ ముందు స్టూల్ మీద కూలబడి మీసం తుడుచుకున్నాడు.

"ఏ తండా బాబూ మీది? మనోల్లేనా?"

జైరాం ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేకపోయాడు. కాకా అంటే బాబాయి వరస, సోని చెల్లెలైపోతుంది. మామా అంటే ఇక్కడే తన్నులు.

"అవ్ సార్. కల్లూరు పక్కన."

"సార్?" అని సోమ్లా వింతగా చూశాడు. ఇంటిపేరు అడిగాడు. జైరాం చెప్పాడు. తమది కాని ఇంటిపేరే అన్నట్టు ఆయన తల ఊపాడు.

ఆఖరి కాపీ బయటికి రాగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్‌లు కీచుమని అరవడం మొదలుపెట్టాయి. మూడో నంబర్ యూపీఎస్ ముసలిది, కొద్ది నిమిషాలకు మించి ఆగదు. జైరాం చెయ్యి జిరాక్స్ మిషన్ మీద ఉంది, చూపు సోని స్క్రీన్ మీద. గుడిసె వచ్చింది. దీపం వచ్చింది. రెండు బటన్లు వచ్చాయి. బాణం గుర్తు ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిరిగింది. కీచు, కీచు, కీచు.

'కాదు' మీద నొక్కింది.

'నువ్వు కాదన్నావు. మంచిదే. బస్సు నిన్ను వాగు అవతల దింపింది. బడి తలుపు తీయగానే పిల్లలు ఉరికొచ్చారు. మొదటి వానకు కప్పు కారింది. నువ్వు నవ్వి, అందరినీ కారని మూలకు జరిపి పాఠం చెప్పావు. ఏ ఎలుగుబంటీ నీకు ఎదురుపడలేదు. పాల్వంచలో ఒకడున్నాడు. వాడికి కొన్నాళ్లు కష్టంగా ఉంటుంది. అది వాడి సంగతి, నీది కాదు. ఎప్పుడైనా పనిపడి నువ్వొస్తే మూడో నంబర్ ఇస్తాడు. ఏమీ అడగడు.'

ఆమె కదలకుండా చదివింది. చివరి వాక్యం దగ్గర స్క్రీన్ ఆరిపోయింది.

"అయిందా? బస్సు పోతది" అన్నాడు సోమ్లా.

సోని లేచింది. కాగితాలు తీసుకుంది. జైరాం ముఖంలోకి చూసింది. తండ్రి పెట్టె ఎత్తుకున్నాడు. ఇద్దరూ బస్టాండ్ దారి పట్టారు.

జైరాం చీకటి సెంటర్లో నిలబడిపోయాడు. అడిగాడు, కాదంది. ఇంతకాలం భయపడింది ఇదే కదా. నొప్పి భరించలేనంత ఉంది, కానీ తలవంపు లేదు. ఆమె బతుకు ఆమె చేతిలోనే ఉంది. బయట మబ్బు పట్టింది. రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.

కాసేపటికి కరెంటు వచ్చింది. ఆ వెలుతురులో గుమ్మం దగ్గర సోని నిలబడి ఉంది. జడ కొసల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"కరెంటు వచ్చిందా?"

"వచ్చింది. ఏం మరిచిపోయినవు?"

"ఒక బటన్ మరిచిపోయిన."

"ఆటల వెనక్కి లేదు సోనీ" అన్నాడు మెల్లగా.

"తెలుసు. మొదటికెల్లి ఆడత."

కూర్చుంది. అడ్డదారి. ఎలుగుబంటి. కదలకుండా పడుకో. లే, నడువు. చకచకా నొక్కుతూ గుడిసె దగ్గరికి వచ్చింది. తడి వేలు 'అవును' మీద పడింది.

'ఇంకా రాయలేదు.'

"ఏందిది?" సోని గిరుక్కున తిరిగింది. "గిది గూడ రాయలేదా?"

"ముందుగాల రాసింది చెరిపేసిన. అది నేనొక్కన్నే రాసుకున్నది." జైరాం కీబోర్డు ఆమె వైపు జరిపాడు. "ఇది నువ్వు లేకుండ నాకు రాయరాదు."

ఆమె రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు అర్థం కాలేదు. రెండూనూ.

"నువ్వు లేకున్న నేను బాగుంటనని రాసినవు సూడు, గదే నన్ను బస్టాండ్ కాడికెల్లి గుంజుకొచ్చింది" అంది. "నాకు ఆఖరు తెల్వకుండ యాడికీ పోయే అలవాటు లేదు. భయమైతంది."

"నాకు గూడ."

"కొలువు మాత్రం ఇడువ."

"ఇడువమంటే ఎలుగుబంటి నన్నే పట్టుకోనీ."

"అయితే ఆదివారం బస్సుకు రా. ఆడ కరెంటు గూడ ఉండదంట. కాయితం మీద రాద్దం."

"ఏందే రాసేది?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గుమ్మంలో సోమ్లా. నెత్తిన తువ్వాల, చేతిలో పెట్టె. వాన ఆయన మీసం మీంచి జారుతోంది. సోని లేచి నిలబడింది. జైరాం కౌంటర్ పట్టుకున్నాడు.

"నిన్న ఇది శ్రావణమూ వద్దన్నది, మాఘమూ వద్దన్నది" అన్నాడు సోమ్లా, పెట్టె కింద పెడుతూ. "రాత్రంత నిద్రపట్టలే, ఎందుకో తెల్వక. పొద్దుగాల ఈ పిలగాడు నన్ను సార్ అన్నడు. మనోడై ఉండి, నా ఈడు మనిషిని కాకా అనకుండ సార్ అంటడా ఎవడన్న? నాకు అప్పుడే అనుమానమొచ్చింది."

సోమ్లా కూతురి దగ్గరికి వచ్చి, తువ్వాల తీసి ఆమె నెత్తిన వేశాడు.

"నేను నెలలు అడిగిన గని, అసలుది అడగలే. ఇప్పుడు అడుగుతున్న. నీకు ఇష్టమేనా బిడ్డా?"

సోని కళ్లు తుడుచుకుంది. ఈసారి చెడ్డ పేజీ ముందు చూడాలని అనిపించలేదు.

"ఇష్టమే నాయినా."

సోమ్లా చాలాసేపు మీసం తుడుచుకున్నాడు. "దేవ్‌సింగ్‌కు నేను జెప్పుకుంట" అన్నాడు. తర్వాత జైరాం వైపు తిరిగి గద్దించాడు. "మరి గుడ్లప్పగించి సూస్తవేంది? బస్సొచ్చింది. పెట్టె పట్టు!"

జైరాం ఒక్క దూకులో పెట్టె భుజాన వేసుకున్నాడు. "అట్లనే సా..."

"ఏందీ?"

వానలోకి అడుగుపెడుతూ సోని వెనక్కి తిరిగి చూసింది.

"అట్లనే మామా" అన్నాడు జైరాం.