అటు రెక్క, ఇటు రెక్క

ఫ్లోరియన్ మొదటిసారి చూసేసరికి జెన్యా తన తడి కోటును అతని కారు రెక్కకు తగిలించి, చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

ఆ రోజుల్లో కార్లకు సోకు కోసం వెనక రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి లేపేవారు. ఈ రెక్క మాత్రం రేకుది కాదు, మట్టిది. డెట్రాయిట్‌లో ఏ కారైనా ముందు మట్టిలోనే పుడుతుంది. పొయ్యిలో వెచ్చబెట్టిన గోధుమ రంగు మట్టిని కర్ర చట్రం మీద మెత్తి, నిలువెత్తు బండిని చెక్కుతారు. కంపెనీ పెద్దలు చూసి ఔనన్నాకే దానికి రేకు యోగం. ఫ్లోరియన్ ఆ పొద్దున పట్టించిన మట్టి ఇంకా గట్టిపడలేదు. దాని మీద దుప్పటి కప్పి కాఫీకి వెళ్ళి వచ్చేలోపు ఈ ఘోరం జరిగింది.

"అది కొక్కెం కాదండీ," అన్నాడు.

"మరి?"

"స్టేషన్ వ్యాగన్ వెనక రెక్క. తొమ్మిదేళ్ళు ఊళ్ళోవాళ్ళు గీసిన కార్ల బొమ్మలన్నిటికీ మట్టి పూశాక నాకు దక్కిన మొదటి సొంత రెక్క."

ఆమె గబుక్కున కోటు తీసింది, దుప్పటి ఎత్తింది. రెక్క కొసన గుండీ అచ్చు గుండ్రంగా పడి ఉంది.

"క్షమించండి, దుప్పటి కింద ఏముందో తెలియలేదు," అంది. అక్కడితో ఆగితే బాగుండేది. వంగి రెక్కను ఇటూ అటూ చూసి, "అయినా ఇంత నిటారుగా నిలబెడితే ఎవరైనా కోటే తగిలిస్తారు," అంది.

ఫ్లోరియన్ నోటి దాకా నాలుగు మాటలు వచ్చాయి. కానీ ఆమె నుదుటి మీద బూడిద సిలువ కనిపించింది. అతని నుదుటి మీదా ఉంది. ఆ రోజు విభూది బుధవారం. 'నువ్వు మట్టివి, మట్టిలోనే కలుస్తావు' అని గురువుగారు నుదుట గీసి పూట కాలేదు. అప్పుడే మట్టి కోసం తగవులాడితే ఆ బూడిదకు అర్థమేముంది? మాటలు మింగేసి గీకే బ్లేడు తీసుకున్నాడు.

స్టూడియో పెద్ద మిస్టర్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు. నవ్వాలంటే పైవాళ్ళ అనుమతి కావాలేమో అన్నట్టుంటాడు.

"పరిచయాలు అయ్యాయా? ఈ అమ్మాయి జెన్యా సోబ్చిక్. సీటు గుడ్డల విభాగం నుంచి వచ్చింది. వ్యాగన్ తోలేది ఎక్కువగా ఆడవాళ్ళే అని మన పెద్దలకు ఇన్నాళ్ళకు తోచింది. బండి ఎడమ పక్క నీది ఫ్లోరియన్, కుడి పక్క ఈమెది. ఎవరి రెక్క వారిదే. ఈస్టర్ ముందు బుధవారం పెద్దలు వచ్చి చూస్తారు. నచ్చినవాళ్ళకు ఈ గదిలో బొమ్మలు గీసే బల్ల ఇస్తాను. రెండోవాళ్ళు వచ్చిన చోటికే."

ఒకే మట్టి బండికి రెండు పక్కలా రెండు రకాలు చెక్కడం ఆ స్టూడియోల్లో మామూలే. మట్టీ మిగులుతుంది, చోటూ మిగులుతుంది. నచ్చిన పక్కకు అచ్చులు తీసి, అద్దంలో తిప్పినట్టు రెండో పక్కకు వాడుకుంటారు. ఒకరిని చూసి ఒకరు చెక్కకుండా లిండ్‌క్విస్ట్ బండి ముందూ వెనకా తెరలు కట్టించాడు. ఇటు నుంచి అటు పోవడానికి లేదు. బండి మీదుగా తలలు మాత్రం కనిపిస్తాయి.

మామూలు కారుకు రెక్క పెట్టడం తేలిక. వెనక ఆకాశమే కదా, ఎంత చిన్న రెక్కైనా లేచి నిలబడుతుంది. వ్యాగన్ అలా కాదు. పైకప్పు చివరిదాకా వస్తుంది. దాని పక్కన రెక్క, పొడుగాటి పెళ్ళికొడుకు పక్కన పొట్టి పెళ్ళికూతురిలా వెలవెలబోతుంది. అందుకే ఫ్లోరియన్ తన రెక్కను గుడి గంటగోపురంలా పైకి లేపాడు. కప్పుతో పోటీకి దించాడు.

"ఫ్లోరియన్ గారూ," అంది మూడో రోజు కప్పు మీదుగా. అతనికి ఆమె కళ్ళూ, జుట్టుకు కట్టిన పచ్చ రుమాలూ మాత్రమే కనిపించాయి. "మీ గోపురానికి గంట ఎప్పుడు కడతారు?"

"మీది ఇంకా పడుకునే ఉందటగా. లేపమంటారా?"

"పడుకోలేదు, ఎగరబోతోంది. ఎగిరే ముందు పిట్ట ఒంగుతుంది. ఎప్పుడూ చూడలేదా?"

"మా వీధిలో ఉన్నవి పావురాలండీ. అవి నడిచే వెళ్తాయి."

కళ్ళు నవ్వాయి. నోరు కూడా నవ్విందో లేదో చూడడానికి వీలు లేకపోయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా ఫ్లోరియన్‌కు అదే దిగులు.

ఇంకో రోజు అతనే అడిగాడు. "మా అమ్మ ఒకటే అడుగుతుందండీ. ఈ రెక్కల వల్ల ఉపయోగమేమిట్రా, బంగాళాదుంపల బస్తా పడుతుందా అని. ఏం చెప్పాలో తోచదు. మనం చేసేది వట్టి డాబేనంటారా?"

అవతల ఆమె బ్లేడు గీకుతున్న చప్పుడు ఆగింది.

"మా నాన్న బేకరీ వ్యాన్ తోలతారు. ఆయనా అంతే అంటారు. కానీ ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు టోపీని మోచేత్తో తుడిచి మరీ పెట్టుకుంటారు. ఆ టోపీ వల్ల ఉపయోగమేమిటని నేనెప్పుడూ అడగలేదు. వ్యాగన్ కూడా అంతే కదండీ. వారమంతా పిల్లల్ని, కుక్కల్ని, తడి బూట్లని, బస్తాల్ని మోస్తుంది. పాపం, దానికి మాత్రం ఒక ఆదివారం ఉండొద్దా?"

ఫ్లోరియన్ తొమ్మిదేళ్ళుగా రెక్కలు చెక్కుతున్నాడు. వాటి గురించి ఇంత మంచి మాట ఎవరి నోటా వినలేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం శుక్రవారాల్లో మధ్యాహ్నం ఆమె సిలువ మార్గం ప్రార్థనకు వెళ్ళేది. అతను సాయంత్రం వెళ్ళేవాడు. మొదటి శుక్రవారం, ఆమె లేని ఆ గంటలో, ఫ్లోరియన్ తెర పక్కకు తీసి అవతలికి దూరాడు.

చూసి, చాలాసేపు టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

ఆమె రెక్క కప్పుతో పోటీ పడలేదు. వెనక తలుపు పిడి దగ్గరెక్కడో సన్నటి గీతలా మొదలైంది. కిటికీ కిందుగా, ఎవరినీ ఒరుసుకోకుండా, పొడుగునా నడిచింది. చివరికి వచ్చేసరికి కొంచెం బయటికి వాలి, కన్నీటి బొట్టంత దీపం దగ్గర ఆగింది. నిజానికి అది ఆగినట్టు లేదు. బండి నిలబడే ఉంది, రెక్క మాత్రం అప్పటికే నాలుగు వీధులు దాటిపోయింది.

వెనక్కి వచ్చి తన గోపురాన్ని చూసుకున్నాడు. బ్లేడు తీసుకుని కొసన అరంగుళం తీసేశాడు. ఎందుకు తీశావంటే చెప్పలేడు. రెండో శుక్రవారం ఇంకో అంగుళం తీశాడు. మూడో శుక్రవారం రెక్కను కొంచెం బయటికి వాల్చాడు. నాలుగో శుక్రవారం దీపాన్ని సన్నబరిచాడు. ప్రతిసారీ తెర అవతల ఆమెది ఇంకా బాగున్నట్టే ఉండేది. అందులో ఏదో మారుతున్నట్టు తోచేది కానీ, అందమైనదాన్ని చూసేవాడు కొలతలు గుర్తుపెట్టుకుంటాడా?

ఆ శనివారం గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనకు వెళ్ళి జాలీ ముందు మోకరించాడు.

"ఫాదర్, పరాయివాళ్ళ సొత్తును ఆశగా చూశాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగుసార్లు. నాలుగూ శుక్రవారాలే."

జాలీ అవతల ఫాదర్ దొమినిక్ నిట్టూర్చారు. "తపస్సు కాలం శుక్రవారాలు. సరే, ఏమిటా సొత్తు?"

"స్టేషన్ వ్యాగన్ రెక్క, ఫాదర్. కుడి వైపుది."

జాలీ అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆ రెక్క చేసింది ఎవరు?"

"ఒక అమ్మాయి."

"చూశానని ఆ అమ్మాయితో చెప్పావా?"

"లేదు, ఫాదర్."

"దొంగచాటుగా చూడడం తప్పే నాయనా. కానీ ఒకరి చేతిపని బాగుందని తెలిసి, ఆ ముక్క వాళ్ళ చెవిన వెయ్యకుండా దాచుకోవడం కూడా ఏమంత పుణ్యం కాదు. ఆలోచించుకో."

ఫ్లోరియన్ ఆలోచించాడు. చెప్పాలంటే, రెక్కతో ఆగే మాట కాదు అది. తను గెలిస్తే ఆమె సీటు గుడ్డల మధ్యకు పోతుంది. ఆమె గెలిస్తే తను అవతలి భవనంలో ఇతరుల బొమ్మలకు మట్టి పూయడానికి పోతాడు. ఎటు జరిగినా ఈ కప్పు మీదుగా ఆ రెండు కళ్ళు ఇక కనబడవు. పోనీ ఓడిపోదామంటే చెయ్యి వినలేదు. దేవుడిచ్చిన పనితనాన్ని కావాలని చెడగొట్టడం అతనికి చేతకాలేదు. గెలవాలనీ లేదు. ఏం ప్రార్థించాలో తెలియక ఊరికే మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఈస్టర్ ముందు బుధవారం రానే వచ్చింది. రేకులా కనిపించేందుకు మట్టి మీద వెండి రంగు పొర అతికించారు. ముదురు రంగు సూట్లలో నలుగురు పెద్దలు వచ్చారు. ఎడమ పక్క చూసి తలూపారు. కుడి పక్క చూసి తలూపారు. తరువాత తెరలు విప్పించి, బండిని గది నడుమకు లాగించి, అందరూ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఆరు వారాల్లో రెండు రెక్కలూ ఒకేసారి కంటపడడం అదే మొదలు.

నలుగురి తలలూ ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు తిరిగాయి.

లిండ్‌క్విస్ట్ కొలబద్ద తెప్పించాడు. ఎడమ రెక్క కొలిచాడు. కుడి రెక్క కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు.

"అంగుళంలో ఎనిమిదో వంతు తేడా," అన్నాడు నెమ్మదిగా. "ఇద్దరినీ కూచోబెట్టి రెండు చెయ్యమన్నాను. ఒకటే చేసి పెట్టారు. ఎవరు ఎవరిని చూసి కాపీ కొట్టారు?"

"నేనే సార్," అన్నాడు ఫ్లోరియన్. "శుక్రవారాల్లో."

"కాదు సార్, నేను," అంది జెన్యా, కళ్ళు దించుకుని. "ఈయన మట్టి కోసం పొయ్యి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా. రోజూ."

ఫ్లోరియన్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ గదిలో దొంగ తనొక్కడే అనుకున్నాడు.

"రేపు అచ్చులు తియ్యాలి. ఏ పక్కకు తియ్యమంటారు?" అన్నాడు లిండ్‌క్విస్ట్.

"ఆమె పక్కకే. ఆ వాలు ఆమెది. నాది కోట్లు తగిలించుకునే కొక్కెం."

"ఈయన పక్కకే సార్. ఆ ఎత్తు ఈయనది. నాది ముందు నేలబారుగా ఉండేది, కప్పు కింద అణిగిపోయింది. ఈయనది చూశాకే లేపాను."

"దీపం?"

"ఆమెది."

"ఈయనది."

నలుగురిలో పెద్దాయన రెక్క మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు. "ఇది ఏ ఒక్కరిదీ కాదు లిండ్‌క్విస్ట్. విడదీసి చూడకు. అయితే నాకు ఇదే కావాలి," అని వెళ్ళిపోయాడు.

లిండ్‌క్విస్ట్ కొలబద్ద పెట్టెలో పెట్టాడు. "నా దగ్గర ఉన్నది ఒకటే బల్ల. పొడుగ్గానే ఉంటుంది. చెరో చివర కూర్చోండి. పోట్లాడుకోవాలంటే మాత్రం బయటికి పోండి."

బయటికే పోయారు. వాన పడుతోంది. కార్లు నిలిపే చోటంతా రెక్కలే. ఎర్రవి, తెల్లవి, ఆకుపచ్చవి, అన్నీ తడిసి మెరుస్తున్నాయి. జెన్యా తలకు రుమాలు బిగించుకుంది.

"రోజూనా?" అన్నాడు ఫ్లోరియన్.

"మీరు శుక్రవారాలు మాత్రమేనా?" అంది ఆమె. "అంటే వారానికి ఒక్కసారే చూడాలనిపించిందన్న మాట."

"రెక్కనైతే, అంతే."

ఆమె నడక ఆగింది. "మిగతాది?"

"మిగతాది రోజూ చూస్తూనే ఉన్నానండీ. కప్పు మీదుగా సగమే కనిపించేది. మిగతా సగం నవ్వుతోందో లేదో తెలియక ఆరు వారాలు సరిగ్గా అన్నం తినలేదు. ఎడమ రెక్క బాగా వచ్చిందంటే ఆ కుడి పక్కన మీరున్నారనే. ఇకముందు కూడా ఏం చేసినా, నా పక్కన మీరుంటేనే చెయ్యాలని ఉంది."

వాన చినుకులు రుమాలు అంచు నుంచి ఆమె ముక్కు మీదికి జారుతున్నాయి. తుడుచుకోలేదు. ఆ నోరు నవ్వుతోంది, ఈసారి అడ్డమేమీ లేదు.

"నువ్వు ఇదంతా ఆరు వారాలు దాచుకుని, మట్టి గీక్కుంటూ కూచున్నావా?" అంది.

ఆ 'నువ్వు' విన్నాక ఫ్లోరియన్ వానలోనే టోపీ తీసేశాడు.

"ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రా," అంది జెన్యా. "మధ్యాహ్నం అంటే మధ్యాహ్నమే. పొద్దున, గుడిలో దీవించి తెచ్చిన ఈస్టర్ గుడ్డును ఇంటివాళ్ళం మాత్రమే పంచుకుని తింటాం. మా నాన్నకు అందులో పట్టింపు ఎక్కువ. నీ సంగతి నిదానంగా నేను చెప్తాను. ఒప్పుకుంటారో లేదో నాకూ తెలియదు. ఇదివరకు వచ్చిన ఇద్దరిని గుమ్మం నుంచే పంపేశారు."

ఈస్టర్ నాడు ఫ్లోరియన్ మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాడు. ఎంత నెమ్మదిగా నడిచినా పదిన్నరకే సోబ్చిక్ వాళ్ళ గుమ్మంలో ఉన్నాడు. తలుపు తీసింది జెన్యా తండ్రే. భారీ మనిషి, చేతుల నిండా వేడి రొట్టెల పళ్ళాలు మోసి కాలిన మచ్చలు. ఆయన వెనక బల్ల మీద, నిన్న గుడిలో ఆశీర్వదింపజేసుకుని తెచ్చిన బుట్ట. చుట్టూ జెన్యా, తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. ఇంకా ఎవరూ ఏమీ ముట్టలేదు.

"క్షమించండి, తొందరగా వచ్చాను. బయట నిలబడతాను," అన్నాడు ఫ్లోరియన్.

"రెక్కల అబ్బాయివి నువ్వేనా?"

"సగం రెక్కలే నావండీ."

ఆయన కిందికీ పైకీ చూశాడు. "మా అమ్మాయి నిన్న రాత్రంతా ఆ సగం గురించే చెప్పింది. చెల్లెళ్ళని పడుకోనివ్వలేదు. మధ్యాహ్నం రమ్మంటే పొద్దున్నే వచ్చావు. రేపు పనిలోకి కూడా ఇలాగే వెళ్తావా?"

"ముందే వెళ్తానండీ. ఆలస్యం అలవాటు లేదు."

"ఊఁ," అన్నాడాయన. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు. గుడ్డు తీసి, కత్తితో నిలువునా కోశాడు. మళ్ళీ అడ్డంగా రెండుసార్లు కోశాడు. జెన్యా ఆ కత్తి వైపే చూస్తోంది. తల్లికి ఒక ముక్క, చెల్లెళ్ళిద్దరికీ రెండు, జెన్యాకు ఒకటి ఇచ్చి, ఒక్కొక్కరికీ మంచి జరగాలని దీవించాడు. తనొకటి తీసుకున్నాడు.

పళ్ళెంలో ఒక ముక్క మిగిలింది.

"గుమ్మంలో నిలబడితే చలిగాలి లోపలికొస్తుంది. వచ్చి కూర్చో," అన్నాడు ఫ్లోరియన్‌తో, పళ్ళెం అతని వైపు జరుపుతూ. "చిన్న ముక్కే. ఆరుగురికి కోస్తే అంతే వస్తుంది మరి."