పన్నెండో గులాబీ

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక కొత్త మనిషి. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో గుత్తెడు పసుపు చామంతులు.

"ఎవరికివి?" అన్నాడు లివియో.

"అమ్మగారికండీ. నా పేరు స్మరాండా. మాది రొమేనియా. మీ ఇంట్లోనే ఉండి అమ్మగారిని చూసుకోడానికి ఏజెన్సీ వాళ్ళు పంపారు."

"చూసుకోడానికి వచ్చారా, సాగనంపడానికి వచ్చారా?"

ఆమెకి అర్థం కాలేదు. హాల్లో మంచం మీంచి అతని తల్లి ఆర్జా కేక పెట్టింది.

"ఒరేయ్ లివియో! నేనింకా పోలేదని చెప్పరా ఆ మనిషికి!"

ఇటలీలో చామంతులు సమాధి మీదే పెడతారు. బతికున్నవాళ్ళ గుమ్మం దాటనివ్వరు. స్మరాండా ఊళ్ళో మాత్రం ఆకులు రాలే రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా చేతిలో చామంతులే. సంగతి తెలిశాక ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

"అయ్యో, తెలీదండీ. పారేస్తాను."

"అక్కర్లేదు. నాకు పనికొస్తాయి."

గుత్తి లాక్కుని సైకిలెక్కాడు. శ్మశానంలో అతని భార్య ఒర్నెల్లా ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. ఆ నాలుగేళ్ళూ అతను ఎవరితోనూ తిన్నగా మాట్లాడింది లేదు.

అంతకుముందు వేసవిలో ఆర్జా వంటింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లివియో బస్సు డ్రైవరు. తెల్లారకముందే వెళ్ళిపోవాలి. మిలాన్‌లో ఉన్న అక్క ఫోన్లో బాగా ఏడ్చింది. రాలేదు. కొండమీది వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండగ దాకా ఆపి ఉంచుతామన్నారు. చోటు మంచిదే. పెద్ద కిటికీలు, దయగల సిస్టర్లు.

"నా పొయ్యి అక్కడ లేదు," అంది ఆర్జా. ఇంకేం చెప్పినా వినలేదు.

"సరే, పండగ దాకా చూద్దాం," అన్నాడు లివియో. "ఈ మనిషితో నీకు పొసిగితే ఇల్లు. లేకపోతే కొండ."

మొదట్లో పొసగలేదు. ఆర్జా సూపు గిన్నె తోసేసింది. దిండు విసిరింది. స్మరాండా దిండు తెచ్చి మళ్ళీ తలకింద పెట్టింది. లివియో మనసులో కొండకే సిద్ధమయ్యాడు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. స్మరాండా మొక్కజొన్న సంకటి వండి చెక్క మీద బోర్లించింది. పొగలు కక్కుతోంది. ఆమె చాకు తియ్యలేదు. దారం తీసింది. రెండు చేతుల మధ్య బిగబట్టి, సంకటి కింద నుంచి పైకి లాగింది. ముక్క నున్నగా తెగింది.

కుర్చీలో కూచున్న ఆర్జా కళ్ళింత చేసుకుంది.

"దారంతో కొయ్యడం ఎవరు నేర్పారే నీకు?"

"మా అమ్మమ్మండీ."

"మా అమ్మ కూడా అంతే. నా కోడలు చాకుతో కోసేది. బంగారంలాంటి పిల్ల. వంట మాత్రం రాదు."

"అమ్మా!" అన్నాడు లివియో.

"ఉన్న మాటేగా! పిల్లా, నీ సంకటి పలచనైంది."

"అయితే రేపు మీరే కలపండి."

"నా తుంటి విరిగింది, కనబడ్డం లేదూ?"

"మీ ఊళ్ళో తుంటితో కలుపుతారా? మా ఊళ్ళో చేత్తో కలుపుతాం."

ఆర్జా పకపకా నవ్వింది. పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. మర్నాడు స్మరాండా నడుం పట్టుకుని లేపితే, పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పింది. లివియో పెరట్లోకి వెళ్ళి కట్టెలు కొట్టాడు. కట్టెలు చాలానే ఉన్నాయి. కళ్ళు తుడుచుకోడానికి చోటు కావాలి.

గురువారం మధ్యాహ్నం స్మరాండాకి సెలవు. ఆ పూట పక్కింటి ఎల్దా వచ్చి ఆర్జాతో పేకాడేది. స్మరాండా లివియో బస్సే ఎక్కి, తన దేశం వాళ్ళని కలవడానికి నది ఒడ్డుకి వెళ్ళేది. ఒక గురువారం వాన. ముందు సీట్లో కూచుంది. అద్దంలో చూపులు కలిశాయి.

"డ్రైవరుతో మాట్లాడరాదని రాసుందండీ ఇక్కడ," అంది.

"నేనేం మాట్లాడలేదే."

"చూడరాదని రాయలేదు లెండి."

లివియో స్టాపు దాటించేశాడు.

"ఒరేయ్ నాయనా, నేను దిగాలి!" అని వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు.

సమాధుల పండగ దగ్గరికొచ్చింది. లివియో వృద్ధాశ్రమానికి ఫోన్ చేశాడు. "ఆ మంచం ఇంకొకరికి ఇచ్చెయ్యండి. మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది." తిన్నగా పూలకొట్టుకి వెళ్ళాడు. డజను ఎర్ర గులాబీలు కట్టించాడు.

తలుపు స్మరాండా తీసింది. పూలు చూసి మొహం విప్పారింది. తర్వాత పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది. మొహం పాలిపోయింది.

"ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు! ఇవి మీకు."

"నాకా? అంటే నన్ను వెళ్ళిపొమ్మనా? అమ్మగారిని కొండమీదికి..."

"కాదండీ బాబూ! ఆ మంచం వద్దని చెప్పేశాను. మీకు థాంక్స్ చెబుదామని తెచ్చాను. థాంక్స్ ఒక్కటే కాదు..."

"మా వైపు సరిసంఖ్య పూలు శవానికే ఇస్తారు," అంది ఆమె మెల్లిగా. "బతికున్నవాళ్ళకి బేసి."

హాల్లోంచి ఆర్జా పగలబడి నవ్వింది. "చెల్లుకి చెల్లు! వస్తూనే అది నన్ను చంపింది. ఇప్పుడు నువ్వు దాన్ని చంపావు!"

స్మరాండా గుత్తిలోంచి ఒక గులాబీ లాగి అతని చేతిలో పెట్టింది.

"ఇది ఒర్నెల్లా గారికివ్వండి. నా చామంతులు ఆవిడే తీసుకున్నారు కదా, మాకు పరిచయమే. మిగిలినవి నావి. ఇప్పుడు లెక్క కుదిరింది."

ఒర్నెల్లా పోయాక, ఆమె పేరు అంత మామూలుగా ఎవరూ పలకలేదు.

"మిమ్మల్ని ఒక మాట అడగాలి," అన్నాడు.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు నేను మీ దగ్గర జీతానికున్న మనిషిని. గురువారం అడగండి. ఆ పూట నాది."

పండగ వెళ్ళిన గురువారం కూడా వానే. శ్మశానమంతా తడిసిన చామంతులు. ఒర్నెల్లా రాతి మీద మాత్రం ఒక ఎర్ర గులాబీ. దాని ముందు లివియో తడుస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ఒక గొడుగు అతని తల మీదికి వచ్చింది.

"ఇవాళ నాకు సెలవు. అడగండి."

ఏమనాలో బస్సు నడుపుతూ ఎన్నోసార్లు అనుకున్నాడు. ఒక్క ముక్కా గుర్తు లేదు.

"మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడుతోంది. నాకు డ్యూటీ దిగగానే ఇంటికి రావాలనిపిస్తోంది. అంతా నీ చలవే."

నోరు జారి 'నీ' అన్నాడు. దిద్దుకోలేదు.

"ఇది అడగడం కాదు, చెప్పడం."

"నాతో ఉంటావా? అమ్మ కోసం కాదు. నా కోసం."

వాన గొడుగు మీద దబదబా కొట్టింది. స్మరాండా నవ్వు ఆపుకుంటోంది.

"వాన హోరు, వినబడలేదు," అంది. "మళ్ళీ అడుగు."

అడగండి అనలేదు. అడుగు అంది. లివియోకి జవాబు దొరికింది. అయినా మళ్ళీ అడిగాడు.