పాత మిల్లు ఎత్తు మీద రెండు కళ్లు

మిర్యాలగూడ దాటి హుజూర్‌నగర్ తొవ్వ పట్టినంక, ఎత్తు ఎక్కేకాడ మూతపడ్డ రైసు మిల్లొకటి ఉంది. చీకటి పడితే ఆ పక్కన ఎవరూ బండి ఆపరు. అందులనే బస్తా మీదపడి పానం పోయిన హమాలీ మట్టయ్య ఇంకా బస్తాలు దించుతనే ఉన్నడంటరు. దించినప్పుడల్లా... దబ్!

మా మరిది ఉపేందర్ చెప్పిందే చెప్తున్న. దేవుడి సాక్షిగా ఒక్క మాట కలపలేదు.

మా మామయ్య పోయినంక ఆయన పెట్రోలు అంబాసిడర్ మాకు మిగిలింది. మొన్న దసరా ఎళ్లినంక మెకానిక్ శశిధర్ దానికి టైమింగ్ పెట్టిండు — ఇంజన్లో నిప్పురవ్వ పడాల్సిన క్షణానికే పడేటట్టు. అప్పటినుంచే మొదలైంది. మిల్లు ఎత్తు కాడికి రాంగనే బండికి ఊపిరాడదు... వెనకనుంచి దబ్!

"రేపు పాత సామానోళ్లకు ఇచ్చేస్త," అన్నడు ఉపేందర్. మా అత్తయ్య పద్మమ్మ ఆ పూట కంచం ముట్టలేదు.

చీకటి పడ్డంక, ఆఖరుసారి చూద్దామని శశిధర్‌ను ఎక్కించుకుని పోయిండు. సగం ఎత్తు ఎక్కిండ్రో లేదో... దబ్! దబ్!

"అన్నా... మట్టయ్యే," అని శశిధర్ సీట్ల కిందికి జారిండు.

"నోర్ముయ్. బానెట్ ఎత్తు."

ఇంజన్ వణుకుతనే ఉంది. శశిధర్ టైమింగ్ లైటు పట్టిండు. అది ఇంజన్‌తో కలిసి మిణుకుతది. గిర్రున తిరిగే చక్రం ఆగినట్టే కనబడ్తది. అట్లా ఆగిన చక్రంలోంచి...

రెండు తెల్లటి కళ్లు. రెప్ప కొట్టకుండా చూస్తున్నయి.

శశిధర్ లైటు ఇడిసి ఉరికిండు. ఒక కాలి చెప్పు ఎక్కడ జారిందో తెలవదు. ఉపేందర్ మాత్రం కదలలేదు. "ధైర్యం కాదు వదినా, కాళ్లు రాలే," అన్నడు నాతో. ఆంజనేయస్వామిని తల్చుకుని, లైటు అందుకుని, మళ్లా చూసిండు.

ఒక కన్ను మసిబారింది. ఇంకోటి తళతళ.

"అరేయ్ శశీ! ఏ చుక్క సూసి టైమింగ్ పెట్టినవ్ రా?"

"మెరిసేది అన్నా!" దూరంనుంచే జవాబు. "ఎండల అదొక్కటే కనబడ్డది!"

టైమింగ్ పెట్టేటందుకు చక్రం మీద ఒక్క చుక్కే గుర్తుంటది; మెరిసేది అది కాదు. ఆయుధపూజనాడు అత్తయ్య బానెట్ ఎత్తించి చక్రానికి పెట్టిన బొట్టు! గంధమైతే రాలుతదని సున్నంతో పెట్టింది. మామయ్య ఎన్నడో పెయింటుతో పెట్టుకున్న అసలు గుర్తు దాని పక్కనే మసిలో ఉంది. నిప్పు ఆలస్యంగా పడి, ఎత్తు కాడ బరువు పడంగనే పెట్రోలు సైలెన్సర్‌లో పేలుతున్నది.

మామయ్య చుక్కకు సరిచేసిండ్రు. బండి కిక్కురుమనకుండ ఎత్తెక్కింది. చెప్పు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"అమ్మా, నీ బొట్టు సూసి బండినే అమ్మబోయినం!" అన్నడు ఉపేందర్ ఇంటికి రాంగనే.

"నేను పెట్టింది దేవుడు సూసెతందుకు. మిమ్మల్నెవరు సూడమన్నరు?" అని అత్తయ్య కంచం ముందుకు జరుపుకుంది.

తెల్లారి అదే బండిలో నన్నూ ఎక్కించుకుని మిల్లు కాడ ఆపించింది. తుప్పు గేటుకు బొట్టు పెట్టి దండం పెట్టింది.

"ఏమనుకోకు మట్టయ్యా. సెయ్యని పనికి నిన్ను ఆడిపోసుకున్నం."

అప్పుడు చూసినం — గేటు పక్కన, గుడి ముందర ఇడిసినట్టు ఒద్దికగా... శశిధర్ చెప్పు.