కుర్చీ అనుకున్నది

థర్జా ఆ ఇంటికి కాపురానికొచ్చినప్పటి నుంచీ ముందుగదిలో చలి కాచుకునే పొయ్యిగూటి మీదున్న ఫొటోని వారం వారం తుడుస్తూనే ఉంది. అరచేతిలో పట్టేంత రేకు మీద తీసిన ఫొటో. తెల్ల గౌను తొడుక్కున్న చంటివాడు, వాడి వెనక కుచ్చుల గుడ్డ కప్పిన ఎత్తు కుర్చీ. ఆ పిల్లవాడు ఆమె భర్త అల్వాకి మొదటి భార్య కెజయా కన్న కొడుకు. తల్లీ కొడుకూ ఒకే నెలలో పోయారు. కెజయా ఫొటో మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు. ఒకసారి అడిగితే, "ఆవిడకెందుకు ఫొటో? మా అమ్మ చూడాలన్నది మనవణ్ణి," అన్నాడు అల్వా.

ఇప్పుడు థర్జాకీ కొడుకు పుట్టాడు. ఈనస్. ఇంకా పాకడం కూడా సరిగ్గా రాలేదు. కనెటికట్ నుంచి అత్తగారి ఉత్తరం వచ్చింది. అందులో మనవడి పళ్ల గురించే రెండు పేజీలున్నాయి, వాణ్ణి కన్నదాని గురించి ఒక్క ముక్క లేదు. ఫొటో తీయించి పంపమని చివర్లో హుకుం.

అక్టోబరు ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం ముగ్గురూ ఒహాయో నది ఒడ్డు వీధిలో ఉన్న ట్రాస్క్ గారి ఫొటో గదికి వెళ్లారు. అల్వా చంకలో ఒక మూట ఉంది.

పైకప్పంతా అద్దాలు. వెలుతురుకి లోటు లేదు. గదినిండా ఫొటోలు కడిగే మందుల ఘాటు, గొంతు పట్టేసేలా.

"మీరిలా కూర్చోండమ్మా. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకోండి," అన్నాడు ట్రాస్క్. "మీ మీద గుడ్డ కప్పుతాం. లోపల్నుంచే వాడి నడుం గట్టిగా పట్టుకోవాలి. వాడు కదిలితే మొహం చెదిరిపోతుంది."

"మరి నా మొహం?"

"మీ మొహంతో పనేముందమ్మా," అన్నాడాయన చాలా మర్యాదగా.

తప్పు ఆయనదని కూడా అనలేం. ఆ ఊళ్లో చంటిపిల్లల ఫొటోలన్నీ అలాగే తీస్తారు. తల్లి ఉండాలి, కనిపించకూడదు. ఆమె బతుకులో అదేం కొత్త సంగతి కాదు.

అల్వా మూట విప్పాడు. "నీ దగ్గరున్న గుడ్డ కంపు కొడుతుంది ట్రాస్క్. మా ఇంటిదే తెచ్చాను."

ముదురు గోధుమరంగు ఉన్ని గుడ్డ. అంచుకి కుచ్చులు.

థర్జా ఆ కుచ్చుల్ని గుర్తుపట్టింది. వారం వారం తుడిచిన కుచ్చులవి.

"ఆ ఫొటోలో ఉన్నది... కుర్చీ కాదా?"

"కెజయా," అని నవ్వాడు అల్వా. "కుర్చీ కంటే కుదురుగా కూర్చుంది."

తల కదలకుండా పట్టే ఇనుప కొక్కేన్ని ఆమె మెడ వెనక బిగిస్తూ ట్రాస్క్ చెవి దగ్గరకి వంగాడు.

"అప్పటికే ఆ పిల్లాడు పోయాడమ్మా. అందుకే అంత స్పష్టంగా వచ్చాడు. ఫొటో అయ్యాక కూడా ఆవిడ వదల్లేదు. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది."

థర్జా లేవబోయింది. మెడ కొక్కేనికి తగిలింది.

"ఎండ పోతుంది. కూర్చో," అన్నాడు అల్వా.

గుడ్డ పడింది.

చీకటి. కర్పూరం వాసన. దాని అడుగున పుల్లబడ్డ పాల వాసన... అవి తన పాలు కావు. గుడ్డకి అవతల ఈనస్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె చేతులు గుడ్డలోంచే వాడి నడుముని పట్టుకున్నాయి.

"ఇక కదలొద్దు," ట్రాస్క్ గొంతు.

ఏడుపు ఆగింది. ఉన్నట్టుండి. ఎవరో జోకొట్టినట్టు.

అప్పుడు తెలిసింది. తన చేతుల మీద... ఇంకో జత చేతులు. గుడ్డకి ఇవతల. చల్లగా. అవి ఆమె చిటికెనవేలిని పైకి లేపాయి. తర్వాత దాని పక్క వేలు. తర్వాత ఇంకొకటి...

"అల్వా..."

నోట్లోకి గుడ్డ వచ్చింది. మెడ కదల్లేదు.

"మాట్లాడకు," అన్నాడు అల్వా. "గుడ్డ కదులుతోంది."

ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. అయినా పిల్లవాడు పడిపోలేదు. చెంప పక్కన ఎవరిదో ఊపిరి... నెమ్మదిగా, తృప్తిగా.

గుడ్డ తీసేసరికి ఈనస్ ఆమె ఒళ్లోనే ఉన్నాడు. నవ్వుతున్నాడు. ఆమె వైపు కాదు, ఆమె భుజం మీదుగా పైకి చూసి.

ట్రాస్క్ రేకు కడిగి తెచ్చాడు. పిల్లవాడి కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆయన మొహం పాలిపోయింది. "బతికున్న పిల్లలు ఇంత..." అని ఆగిపోయాడు.

"భలే వచ్చాడు," అన్నాడు అల్వా. "నువ్వసలు కనిపించనే లేదు." అది మెచ్చుకోలు.

ఇంటికొచ్చాక థర్జా బతిమాలింది. "ఆ గుడ్డ కాల్చేద్దాం. మీకు దణ్ణం పెడతాను."

"మంచి ఉన్ని గుడ్డ. మతిపోయిందా నీకు?" అని దాన్ని మేడ మీది పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి తన గడియారం గొలుసుకి తగిలించుకున్నాడు.

సోమవారం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, థర్జా వంటగదిలో మొక్కజొన్న పిండి కలుపుతోంది. ముందుగది ఉయ్యాల్లో ఈనస్ నిద్రపోతున్నాడు. అల్వా తన గుర్రపు జీన్ల దుకాణం నుంచి వచ్చిన చప్పుడైంది. బూట్లు. తర్వాత అతని మాట.

"పెట్టె ఎలా తెరిచావు? మళ్లీ ఆ గుడ్డెందుకు? పోనీలే, వాడు కుదురుగానే ఉన్నాడు."

ఉయ్యాల్లో పిల్లాడితో మాట్లాడుతున్నాడనుకుంది. కానీ ఆ మాటలు పిల్లాడితో అనేవి కావు. పిండి చేతులతోనే గుమ్మంలోకొచ్చింది.

కిటికీ పక్క కుర్చీలో గోధుమరంగు గుడ్డ, నెత్తి నుంచి నేల దాకా. దాని ఒళ్లో ఈనస్. రెప్ప కూడా వేయడం లేదు.

అల్వా ఆమెకు వీపు పెట్టి కోటు తగిలిస్తున్నాడు. గొలుసుకి తాళంచెవి వేలాడుతూనే ఉంది.

నేనిక్కడున్నాను... నేనిక్కడ... అనబోయింది. మెడ వెనక ఇనుము బిగుసుకుంది. గొంతు పెగల్లేదు. కాలు కదల్లేదు.

"ఆకలేస్తోంది థర్జా. తొందరగా పెట్టు," అన్నాడు అల్వా కుర్చీతో. "వినపడిందా?"

గుడ్డ తలూపింది.