ఆపేసిన మాత్ర

పొద్దున్నే నాగేంద్రమ్మ తెల్లమాత్రను చెంచాతో నలిపి మజ్జిగలో కలిపింది. రంగనాయకులు ఏ అనుమానమూ లేకుండా గటగటా తాగి, అరుగు మీద గోడకు జారబడ్డాడు. దొడ్లో అరవై గొర్రెలు అరుస్తున్నాయి. సాయంత్రం పామూరు వ్యాపారి బండి వస్తే అవి వెళ్ళిపోతాయి. మందను తోలే సత్తువ మొగుడికి లేదని నాగేంద్రమ్మే కబురు పంపింది.

పది గంటల బస్సుకు కూతురు నాగజ్యోతి దిగింది. ఒంగోలులో గుండెజబ్బుల వార్డులో నర్సు. చెప్పులు విడవకముందే తండ్రి మణికట్టు పట్టుకుంది.

“నలభై ఆరే కొడతాంది! నాయనా, డాక్టరు ఆపమన్న మాత్ర ఇంకా ఏసుకుంటాండావా?”

“నేనెందుకేసుకుంటా? మానేసి నెలయింది. అయినా నాలుగడుగులేస్తే కాళ్ళు గుంజుతాండాయి. మీ యమ్మ ఇచ్చిన మజ్జిగ తాగేది, ఈడ కూకునేది, అదే నా ఉద్యోగం!”

నాగజ్యోతి గిరుక్కున వంటింట్లోకి నడిచింది. చెంచాకు తెల్లపొడి అంటుకునే ఉంది. పొయ్యి పక్కన డబ్బాలో ఆ మాత్రల అట్టలు.

“ఏందిమా ఇది?”

“ఔ, నేనే ఇస్తాండా! పాత చీటీ చూపిచ్చి తెప్పిచ్చినా. ఆ డాక్టరు ఆశ వదులుకుంటే నేనూ వదులుకోవాల్నా?”

“ఆశ వదులుకున్నాడని ఎవురు చెప్పినారు నీకు?”

“ఒకరు చెప్పాల్నా? మా నాయనకు గూడ ఇంక మందులు చాలు, ఇంటికి తీసకపోండి అన్నారు. మూడోనాడు పోయినాడు.” ఆమె పొయ్యి ముందు చతికిలబడింది.

నాగజ్యోతి కోపం సగానికి దిగింది. తల్లి పక్కన కూర్చుంది.

“అమ్మా, నాయనకు మాదిరి గుండెపోటొచ్చినోళ్ళకు ఇన్నేళ్ళూ ఈ మాత్ర ఇస్తానే వచ్చినారు. ఈమధ్య పెద్ద పరిశోధనలు చేసినారు. వేలమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకిచ్చి, ఇంకో గుంపుకియ్యకుండా ఏళ్ళ తరబడి చూసినారు.”

“ఇయ్యని గుంపోళ్ళు ఏమయినారు?” నాగేంద్రమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

“నాయన మాదిరి గుండె బలం తగ్గనోళ్ళు మాత్ర లేకున్నా బాగనే ఉన్నారు! అందరికీ కాదు, అట్లాంటోళ్ళకే. మిగతా మాత్రలు తప్పకూడదు. నాయన గుండె గట్టిగుందనే డాక్టరు ఇది ఆపినాడమ్మా. కాళ్ళు గుంజేది దీనివల్లే!”

గుమ్మంలోంచి రంగనాయకులు గొంతు వినిపించింది. “అంటే నేను బాగయినందుకు నెల్రోజులు కూకోబెట్టినావా, ఏమే?”

నాగేంద్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఒక్క క్షణమే.

“ఫోను చెయ్యమ్మే! ఆ బండాయన్ని రావద్దను, బిరీన!”

ముందు డాక్టరుకే చేసింది నాగజ్యోతి. ఒక్కసారిగా మానకుండా తగ్గిస్తూ ఆపమన్నాడాయన. ఆ తర్వాత బండాయనకు.

మూడు వారాలకు, అన్నం మూటతో మొగుణ్ణి అందుకోలేక నాగేంద్రమ్మ మిట్ట మీద ఆగిపోయింది. రంగనాయకులు మందతో అవతలి చేనుగట్టు దాటేశాడు. ఆయన అదిలింపు ఖంగుమని ఇంతదూరం వినిపిస్తోంది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చేసింది.

కందిచేలోంచి పక్కింటి యశోద పరుగున వచ్చింది. “ఏందత్తా, మామకేమన్నా అయిందా?”

“ఏం కాలేదే! పిలుస్తాంటే ఇనకుండా ఎట్ల పోతాండాడో చూడు!” అంది నాగేంద్రమ్మ, కళ్ళు తుడుచుకోకుండానే నవ్వుతూ.